పేగులో పుట్టిన సెరటోనిన్ తలకెక్కదు, కబురు మాత్రం పంపుతుంది

మహారాష్ట్రలో నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు తెలుగు ఇళ్లలో పొద్దున్నే ఫోన్‌కి వచ్చే మెసేజీల్లో సగం మరాఠీ, సగం తెలుగు, ఒక్కోసారి ఒకే మెసేజ్‌లో రెండూ కలిసి ఉంటాయి. వాటిలో ఆరోగ్యం రకానివి ఎప్పటికీ చావవు, ఏడాదికోసారి కొత్త పువ్వు బొమ్మతో తిరిగొస్తాయి. అలాంటిదే ఇది కూడా: సంతోషాన్నిచ్చే హార్మోన్ సెరటోనిన్, అది 90 శాతం కడుపులోనే తయారవుతుంది, కాబట్టి కడుపు బాగుంటే మనసు బాగుంటుంది, రోజూ రెండు అరటిపండ్లు, ఒక గిన్నె పెరుగు తినండి.

ఇందులో మొదటి సగం నిజమే. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది. కొందరు 95 అంటారు, ఆ తేడాతో ఇక్కడ పని లేదు. తంటా అంతా ఆ "కాబట్టి" దగ్గరుంది. పేగులో తయారైన సెరటోనిన్ మెదడులోకి వెళ్లదు. మరి కడుపుకీ మనసుకీ సంబంధం లేదా అంటే, ఉంది, గట్టిగానే ఉంది. కాకపోతే అది సరుకు పంపినట్టు ఉండదు, ఫోన్ కొట్టినట్టు ఉంటుంది. పైగా కడుపు నుంచి వచ్చే ఆ ఫోన్లలో ఇప్పటిదాకా గట్టిగా రుజువైనవి శుభవార్తలు కావు, ఫిర్యాదులు.

అసలీ పదార్థం మొదట దొరికింది కడుపులోనే. 1930ల్లో ఇటలీలో విట్టోరియో ఎర్స్‌పామర్ అనే శాస్త్రవేత్త జీర్ణాశయం, పేగుల లోపలి పొరలో ఉండే ఒక రకం కణాల నుంచి కండరాన్ని బిగుసుకునేలా చేసే పదార్థాన్ని తీసి, దానికి ఎంటరమిన్ అని పేరు పెట్టాడు. ఆ సంగతితో సంబంధం లేకుండా 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రాపోర్ట్, గ్రీన్, పేజ్ ముగ్గురూ గడ్డకట్టిన రక్తంలోంచి రక్తనాళాలను బిగించే పదార్థాన్ని పట్టుకున్నారు. రక్తం గడ్డకట్టాక తేలే ద్రవం, సీరంలో ఉంది, నాళాలకు బిగువు, అంటే టోన్, ఇస్తుంది కనుక సెరటోనిన్ అన్నారు. రెండూ ఒకటేనని 1952లో తేలింది. మెదడులో కూడా ఇది ఉందని బెట్టీ ట్వారోగ్ చూపించింది ఆ మరుసటి ఏడాదే. అంతకు ముందు ఆమె దీన్ని సముద్రపు ఆల్చిప్పల కండరంలో వెతుకుతూ ఉండేది. అంటే వరుస ఇది: పేగు, రక్తం, ఆల్చిప్ప, ఆఖరికి మెదడు. "సంతోషం హార్మోన్" అన్న బిరుదు ఇంకా చాలా తర్వాత తగిలించింది, అదీ మందుల అమ్మకాలు మొదలయ్యాక జనంలోకి పోయింది.

పేగులో దీని పని చూస్తే సంతోషం ఛాయలు ఎక్కడా కనిపించవు. పేగు లోపలి గోడలో అక్కడక్కడా ఎంటరోక్రోమాఫిన్ కణాలని ఉంటాయి. మిగతా కణాలతో పోలిస్తే చాలా తక్కువ, నూటికి ఒకటి కూడా ఉంటాయో లేదో. పొద్దున తిన్న జొన్నరొట్టె ముద్దముద్దగా కిందికి దిగి పేగు గోడను ఒత్తుతుంది. ఆ ఒత్తిడి తగలగానే ఈ కణాలు తమ దగ్గరున్న సెరటోనిన్‌ను వదులుతాయి, కింద కాచుకుని ఉన్న నరాల కొసలకు అది తగులుతుంది, పేగు వెనక భాగం బిగుసుకుంటుంది, ముందు భాగం వదులవుతుంది, ముద్ద నాలుగు వేళ్లు ముందుకు జరుగుతుంది. మళ్లీ ఒత్తిడి, మళ్లీ సెరటోనిన్. పని అయ్యాక దాన్ని గోడ కణాలే తిరిగి పీల్చేసుకుంటాయి. కొంత రక్తంలోకి పోతే ప్లేట్‌లెట్లు దాన్ని ఎక్కించుకుని తిరుగుతాయి, గాయమైనప్పుడు అక్కడ దింపుతాయి. రక్తంలో ఉన్న సెరటోనిన్ దాదాపు అంతా ఇలా ప్లేట్‌లెట్ల వీపు మీదిదే. అందుకని ఎవరైనా రక్తపరీక్ష చేసి "సెరటోనిన్ తక్కువగా ఉంది, మీ దిగులుకు కారణం ఇదే" అని చెబితే నమ్మక్కర్లేదు. ఆ రిపోర్టులో ఉన్నది ప్లేట్‌లెట్ల లెక్క, మెదడు లెక్క కాదు.

ఈ కణాలు ఒత్తిడినే కాదు, రుచుల్లాంటి వాటిని కూడా పసిగడతాయి. ఆవాలు నూరితే ముక్కు అదిరిపోయేలా చేసే ఘాటు ఉంటుందే, ఆ ఘాటును పట్టుకునే గ్రాహకం ఈ కణాల మీద ఉందని, అది తగలగానే ఇవి సెరటోనిన్ వదులుతాయని 2009లో జపాన్ పరిశోధకులు చూపించారు. దాల్చినచెక్క ఘాటు కూడా అదే గ్రాహకాన్ని తడుతుంది. మిరపకాయ దారి వేరు, దాని కారం ఎక్కువగా నేరుగా నరాల కొసలనే తాకుతుంది. ధర్మాబాద్ మిర్చి బజారులో రోజంతా గాలే ఘాటుగా ఉండే చోట పనిచేసే వాళ్లకు ఈ తేడా పెద్దగా పట్టింపు ఉండకపోవచ్చు కానీ, ఆవపిండి బాగా పట్టించిన మామిడికాయ పచ్చడి కడుపులో పడ్డాక జరిగే హడావిడిలో సెరటోనిన్‌కు చెయ్యి ఉందనుకోవడానికి ఆధారం ఉంది.

ఇక ఈ సెరటోనిన్‌ను మెదడులోకి రానివ్వని గోడ సంగతి. మెదడు రక్తనాళాల లోపలి కణాలు ఒకదానికొకటి సందు లేకుండా అతుక్కుని ఉంటాయి, రక్తంలో కొట్టుకొచ్చే ప్రతిదాన్నీ లోపలికి రానివ్వవు. సెరటోనిన్‌కు ఆ గోడలో తలుపు లేదు. అందుకే మెదడు తన సెరటోనిన్‌ను తానే, మెదడు కాండంలోని కొన్ని గుంపుల నరకణాల్లో తయారుచేసుకుంటుంది. ఇంకా విచిత్రం, పేగులో దీన్ని తయారుచేసే ఎంజైమ్, మెదడులో తయారుచేసే ఎంజైమ్ వేర్వేరని 2003లో తేలింది. అంటే రెండు వేర్వేరు కార్ఖానాలు, రెండు వేర్వేరు గోదాములు. బ్రాండు పేరొకటే.

ఇప్పుడు అరటిపండు. నాందేడ్ జిల్లా అర్ధాపూర్ అరటి ఎంత పేరున్నదో ఈ వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. అరటిపండులో సెరటోనిన్ నిజంగానే ఉంది, బోలెడుంది. ఎంతంటే, ఒక రకం గడ్డను అనుమానించి సెరటోనిన్ విరిగిపోగా మిగిలే పదార్థం కోసం 24 గంటల మూత్రపరీక్ష రాసినప్పుడు, ముందు రెండు మూడు రోజులు అరటిపండు తినొద్దని చెబుతారు. తింటే పరీక్ష తప్పు చూపిస్తుంది. అంటే పండులోని సెరటోనిన్ ఎటు పోయిందో ఆ సీసాలోనే తెలుస్తుంది. మెదడుకైతే పోలేదు. అరటిపండు తినడానికి మంచి కారణాలు చాలా ఉన్నాయి, ఇది వాటిలో లేదు.

మెదడు గోడ దాటగలిగేది సెరటోనిన్ ముడిసరుకు, ట్రిప్టోఫాన్. పప్పు, పాలు, గుడ్డు, మాంసం, పల్లీలు, ఏ ప్రోటీన్ తిన్నా అందులో కొంచెం దొరికే అమైనో ఆమ్లం ఇది. దీనికి గోడలో తలుపు ఉంది గానీ అది ఒక్కదానికే కేటాయించిన తలుపు కాదు. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్, టైరోసిన్, ఫినైల్ అలనిన్, ఇలాంటి వేరే అమైనో ఆమ్లాలన్నీ ఆ తలుపు దగ్గరే తోసుకుంటాయి. పండగ ముందు ధర్మాబాద్ స్టేషన్‌లో జనరల్ బోగీ ఆగినప్పుడు తలుపు దగ్గర ఎలా ఉంటుందో అలా. ఆ గుంపులో బక్కగా, తక్కువ మందితో ఉన్నది ట్రిప్టోఫానే. అందుకే మాంసం బాగా తింటే ట్రిప్టోఫాన్ పెరుగుతుంది, కానీ పోటీదారులు అంతకంటే ఎక్కువ పెరుగుతారు, మెదడుకు చేరే వాటా పెరగదు సరికదా తగ్గొచ్చు కూడా. ఉత్త పిండిపదార్థం తింటే ఇన్సులిన్ పెరిగి పోటీదారులను కండరాల వైపు లాక్కుపోతుంది, అప్పుడు ట్రిప్టోఫాన్‌కు దారి కాస్త ఖాళీ అవుతుంది. 1970ల మొదట్లో ఫెర్న్‌స్ట్రామ్, వర్ట్‌మన్ ఎలుకల్లో ఇది చూపించారు. వెంటనే "స్వీట్ తింటే మూడ్ బాగుపడేది ఇందుకే" అనే కథ పుట్టింది. కానీ భోజనంలో కాస్త ప్రోటీన్ కలిసినా ఆ ఖాళీ మూసుకుపోతుంది, మన పళ్లెంలో పప్పో పల్లీ పొడో లేని పూట ఏది?

జొన్న సంగతి ఇక్కడే వస్తుంది. రాష్ట్ర సరిహద్దుకు అటూ ఇటూ, ఇటు నాందేడ్ తాలూకాలు, అటు తెలంగాణలోని మద్నూర్, జుక్కల్, బోధన్, రెండు మూడు తరాల కిందట పొద్దున గట్క, మధ్యాహ్నం రొట్టె, ఎండలో అంబలి, అన్నీ జొన్నే. చలికాలంలో లేత కంకులు కాల్చి నలుచుకుని తినే ఊసబియ్యం, మరాఠీలో హుర్డా, అదీ జొన్నే. తెల్లన్నం పండగకు. దక్కన్ పీఠభూమిలో ఇలా జొన్న మీదే బతికిన పేద ఇళ్లలో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. ఎండ తగిలే చోట్ల, చేతుల మీద, పాదాల మీద, మెడ చుట్టూ హారం వేసినట్టు చర్మం నల్లబడి పగిలిపోయేది. దానితోపాటు విరేచనాలు. దానితోపాటు మనసు చెదరడం: నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు, దిగులు, ముదిరితే మతి తప్పడం. ఒకే జబ్బులో చర్మం, పేగు, మనసు మూడూ. నియాసిన్ అనే విటమిన్ లోటు వల్ల వస్తుంది. శరీరం ఆ నియాసిన్‌ను కొంత ట్రిప్టోఫాన్ నుంచే తయారుచేసుకుంటుంది, సుమారు 60 మిల్లీగ్రాముల ట్రిప్టోఫాన్ పెడితే ఒక మిల్లీగ్రాము నియాసిన్ చేతికొస్తుంది. అంటే సెరటోనిన్‌కూ నియాసిన్‌కూ ముడిసరుకు ఒకటే.

మిగతా దేశాల్లో పెల్లాగ్రా మొక్కజొన్న తినేవాళ్ల జబ్బు. మొక్కజొన్నలో ట్రిప్టోఫాన్ తక్కువ, సరే. జొన్నలో మరీ అంత తక్కువేం కాదు, మరి ఇక్కడెందుకు వస్తోంది? 1960లో హైదరాబాద్‌లోని పోషకాహార పరిశోధనాలయంలో, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది అదే, గోపాలన్, శ్రీకాంతియా ఒక జవాబు చెప్పారు: జొన్నలో లూసిన్ ఎక్కువ, అది ట్రిప్టోఫాన్ నుంచి నియాసిన్ తయారయ్యే పనిని చెడగొడుతోంది. ఈ జవాబు మీద తర్వాత చాలా వాదులాట నడిచింది, అందరూ ఒప్పుకోలేదు. లూసిన్ ఎంత కారణం, మొత్తం తిండే చాలకపోవడం ఎంత కారణం అన్నది విడదీయడం కష్టమే. అయితే రేషన్ బియ్యం, గోధుమలు ఇళ్లకు వచ్చి పళ్లెంలో నాలుగు రకాలు చేరాక ఈ జబ్బు వెనక్కి తగ్గింది. ఇప్పుడు నగరాల్లో వాళ్లు షుగర్ అని జొన్నరొట్టె తింటుంటే భయపడాల్సిందేమీ లేదు. పప్పు, పాలు, గుడ్డు పక్కన ఉన్న జొన్నరొట్టె మంచి తిండి. ఒక్క జొన్న మీదే, అదీ అరకడుపుతో, నెలల తరబడి బతకడం వేరు.

పెల్లాగ్రా కథను సెరటోనిన్ కథగా మార్చేయాలని ఎవరికైనా చెయ్యి దురద పుడుతుంది. లూసిన్ మెదడు తలుపు దగ్గర కూడా పోటీదారే కదా, కాబట్టి జొన్న, కాబట్టి దిగులు. ఇక్కడ ఆగాలి. పెల్లాగ్రా మనిషికి నియాసిన్ ఇస్తే కొద్ది రోజుల్లోనే మతి కుదుటపడుతుంది, ఆ మనసు చెదరడానికి ముఖ్య కారణం నియాసిన్ లోటే. కానీ ఈ కథ ఒక మంచి సంగతి చెబుతుంది: తిండి మనసును మార్చగలదు, నిజంగానే. అయితే అది జరిగేది గట్టి లోటు ఉన్నప్పుడు. లోటు లేని మనిషికి ఇంకో రెండు అరటిపండ్లు పెడితే అదనంగా సంతోషం పుట్టదు.

దీనికి సరిగ్గా అద్దంలో బొమ్మలాంటి జబ్బు ఒకటుంది. పేగుల్లో ఈ సెరటోనిన్ కణాల నుంచే పుట్టే కార్సినాయిడ్ గడ్డలు. కాలేయానికి పాకాక ఇవి సెరటోనిన్‌ను కుమ్మరిస్తాయి. "సంతోషం హార్మోన్" మాటే నిజమైతే ఆ రోగులు ఈ భూమ్మీద అందరికంటే హాయిగా ఉండాలి. వాళ్లకు ఉండేది మొహం ఎర్రబడి వేడెక్కడం, ఆగని విరేచనాలు, కొందరికి గుండె కవాటాలు దెబ్బతినడం. మామూలుగా తిన్న ట్రిప్టోఫాన్‌లో నూటికి ఒకటో రెండో పాళ్లు సెరటోనిన్‌కు పోతాయి. ఈ రోగుల్లో గడ్డలే సగానికి పైగా మింగేయగలవు, అప్పుడు నియాసిన్‌కు మిగలక కొందరికి పెల్లాగ్రా వస్తుంది. పేగులో సెరటోనిన్ పొంగిపొర్లుతుంటే ఒంట్లో పెల్లాగ్రా.

సరే, సరుకు వెళ్లదు, మరి కబురు ఎలా వెళ్తుంది? వేగస్ నాడి. మెదడు అడుగు నుంచి మెడ, ఛాతీ మీదుగా పొట్టదాకా దిగే పొడవాటి నాడి ఇది. పేరుకు మెదడు నుంచి కిందికి వస్తుంది గానీ, అందులోని పోగుల్లో సుమారు 80 శాతం పైకి, అంటే కడుపు నుంచి మెదడుకు, కబుర్లు మోసేవే. పైనుంచి ఆర్డర్లు తక్కువ, కిందినుంచి రిపోర్టులు ఎక్కువ, మన ఆఫీసులకు పూర్తిగా తలకిందులు. 2017లో సెల్ పత్రికలో వచ్చిన పరిశోధనలో ఎంటరోక్రోమాఫిన్ కణాలు కరెంటు సంకేతాలు పుట్టించగలవనీ, నరాల కొసలతో దాదాపు రెండు నరకణాలు మాట్లాడుకున్నట్టే మాట్లాడతాయనీ తేలింది. వాటి మధ్య మాట సెరటోనిన్‌దే.

ఈ దారి పనిచేస్తుందనడానికి అన్నిటికంటే గట్టి రుజువు వాంతులు. క్యాన్సర్‌కు సిస్‌ప్లాటిన్ లాంటి మందు ఎక్కించినప్పుడు అది ఈ పేగు కణాలను కుదిపేస్తుంది, అవి ఒక్కసారిగా సెరటోనిన్ వదులుతాయి, పక్కనున్న వేగస్ కొసల మీది గ్రాహకాలు దాన్ని పట్టుకుంటాయి, మెదడుకు కబురు పోతుంది: విషం వచ్చింది, బయటికి తొయ్యి. గంటల తరబడి వాంతులు. ఆ గ్రాహకాన్ని మూసేసే ఒండాన్‌సెట్రాన్‌కు 1991లో అమెరికాలో అనుమతి వచ్చింది, క్యాన్సర్ వార్డుల తీరే మారిపోయింది. ఇవాళ ఏ చిన్న ఊరి మెడికల్ షాపులో "వాంతుల గోలీ" అంటే చేతికిచ్చేది ఎక్కువగా అదే. చిన్నపిల్లలకు వాంతులు విరేచనాలు తెచ్చే రోటావైరస్ కూడా ఈ కణాల్లో దూరి సెరటోనిన్ వదిలిస్తుందని 2011లో స్వీడన్‌లో చూపించారు. కడుపులో దేవినట్టు ఉన్నప్పుడు మనసు ఎలా ఉంటుందో గుర్తుచేసుకుంటే చాలు, ఏ వంట వాసనా పడదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఒక మూలన ముడుచుకుని పడుకోవాలనిపిస్తుంది. కడుపు సెరటోనిన్ మనసు మీద చూపే ప్రభావం అందరికీ అనుభవంలో ఉన్నదే. అది ఆనందం రూపంలో లేదు కనుక ఎవరూ దాన్ని లెక్కలో వేసుకోలేదు. తెలుగులో కడుపుకోత, కడుపుమంట, కడుపు తరుక్కుపోవడం, పేగులు మెలిపెట్టడం, ఇన్ని మాటలుంటే వాటిలో సంతోషం వైపు నిలబడేవి వేళ్ల మీద లెక్కపెట్టాలి. ఇది రుజువేమీ కాదు, భాష లెక్కలు శరీరం లెక్కలు కావు, కానీ సరదాగా సరిపోయింది.

మామూలు రోజుల్లో, వాంతీ విరేచనం లేనప్పుడు, పేగు సెరటోనిన్ మూడ్‌ను మార్చుతోందా అన్నది అసలు ప్రశ్న. ఇక్కడ ఎలుకల దగ్గర కథ బాగుంది, మనుషుల దగ్గరకొచ్చేసరికి నీరసపడుతుంది. సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకల పెద్దపేగులో సెరటోనిన్ సుమారు 60 శాతం తక్కువని, కొన్ని రకాల బ్యాక్టీరియా ఎక్కిస్తే మళ్లీ పెరిగిందని 2015లో కాలిఫోర్నియా పరిశోధకులు చూపించారు. 2011లో ఐర్లాండ్‌లో ఒక రకం లాక్టోబాసిల్లస్ తాగించిన ఎలుకలు తక్కువ భయపడ్డాయి, వాటి వేగస్ నాడిని కోసేస్తే ఆ ప్రభావం పోయింది. లోకమంతా చప్పట్లు కొట్టింది. ఆ బ్యాక్టీరియానే ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లకు ఇచ్చి చూశారు ఆ దేశంలోనే, 2017లో ఫలితం వచ్చింది: ఒత్తిడిలో, మూడ్‌లో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. దాన్ని దాచకుండా ప్రచురించినందుకు మెచ్చుకోవాలి. 2013లో అమెరికాలో నాలుగు వారాలు పులిసిన పాల పదార్థం తాగిన ఆడవాళ్ల మెదడు స్కాన్లలో తేడా కనిపించింది, కానీ మొత్తం పాల్గొన్నది 36 మంది, డబ్బు పెట్టింది పెరుగు అమ్మే డానోన్ కంపెనీ. పెరుగు మంచిదే. ఎండాకాలం అంబలిలో ఇంత సల్ల పోసుకుంటే ప్రాణం లేచొచ్చినట్టు ఉంటుంది, దానికి ఏ స్కాన్ అక్కర్లేదు. అది డిప్రెషన్ మందు మాత్రం కాదు.

ఈ మధ్య వచ్చిన వాటిలో కాస్త నిలబెట్టి ఆలోచింపజేసేది ఒకటుంది. పేగు గోడ కణాలు సెరటోనిన్‌ను తిరిగి పీల్చుకోకుండా, ఒక్క పేగులోనే ఆ పనిని ఆపేసిన ఎలుకలు తక్కువ ఆందోళనగా ప్రవర్తించాయని, ఆ కబురు వేగస్ మీదుగానే పోతోందని 2024 చివర్లో అమెరికా పరిశోధకులు రాశారు. అంటే ఫోన్లన్నీ ఫిర్యాదులే కావేమో, ఎంత సెరటోనిన్, ఎంతసేపు, ఏ చోట అన్నదాన్ని బట్టి కబురు మారుతుందేమో. ఇది మనుషుల్లో నిలబడుతుందా అన్నది చూడాలి. వేగస్ నాడికి మూడ్‌తో పని ఉందని మాత్రం ముందే తెలుసు, మందులకు లొంగని డిప్రెషన్‌లో ఆ నాడికి కరెంటు తట్టే పరికరానికి 2005లోనే అమెరికాలో అనుమతి దొరికింది.

పైనుంచి కిందికి నడిచే దారిని మరిచిపోతే ఈ కథ సగమే. పదో తరగతి బోర్డు పరీక్ష పొద్దున. ఇంట్లో మాట తెలుగు, బడి మరాఠీ, పేపరూ మరాఠీనే. అమ్మాయి ఉప్మా పళ్లెం ముందు కూర్చుంది, ముద్ద గొంతు దిగడం లేదు. ఎనిమిదికి ఒకసారి బాత్రూంకి వెళ్లింది, ఎనిమిదింబావుకు ఇంకోసారి, ఆటో వచ్చి హారన్ కొడుతుంటే మూడోసారి. "రాత్రి మిర్చి బజ్జీ వద్దంటే తిన్నవు" అంటుంది తల్లి. బజ్జీ పాపం ఏమీ లేదు. టెన్షన్‌లో మెదడు వదిలే ఒత్తిడి రసాయనం ఒకే సమయంలో పై పొట్టను నిదానం చేసి, కింది పెద్దపేగును పరుగులు పెట్టిస్తుంది. అందుకే తిన్నది దిగదు, ఉన్నది ఆగదు. మధ్యాహ్నం పేపర్ అయిపోయాక అదే అమ్మాయి రెండు సమోసాలు లాగించేస్తుంది, ఏమీ కాదు.

ఏది ముందు, కడుపా మనసా అన్నదాన్ని ఆస్ట్రేలియాలో వెయ్యి మందిని 12 ఏళ్లు గమనించి చూశారు, 2012లో ప్రచురించారు. మొదట్లో ఆందోళన ఉండి కడుపు బాగున్న వాళ్లలో తర్వాత కడుపు బాధలు ఎక్కువ వచ్చాయి. మొదట్లో కడుపు బాధలుండి మనసు బాగున్న వాళ్లలో తర్వాత ఆందోళన ఎక్కువ వచ్చింది. రెండు దారులూ నడుస్తున్నాయన్నమాట. ఎన్నో ఏళ్లుగా గ్యాస్ అని, పడలేదని మెడికల్ షాపుల చుట్టూ తిరిగే మనిషికి "నీకేం లేదు, అంతా మనసులోనే" అని చెప్పడం ఈ లెక్కన సగం తప్పు. "అంతా కడుపులోనే" అని చెప్పడమూ సగం తప్పే.

డిప్రెషన్ అంటే సెరటోనిన్ తగ్గడమే అన్న మాట కూడా ఇప్పుడు అంత గట్టిగా లేదు. 2022లో లండన్ పరిశోధకులు పాత అధ్యయనాలన్నీ కలిపి చూసి, అందుకు నిలకడైన ఆధారం దొరకలేదన్నారు. ఆ పద్ధతిని తప్పుపట్టిన వాళ్లూ ఉన్నారు. ట్రిప్టోఫాన్ లేని పానీయం తాగించి మెదడు సెరటోనిన్‌ను తాత్కాలికంగా తగ్గిస్తే మామూలు మనుషుల్లో మూడ్ పెద్దగా కదలదు. మందులతో కోలుకుని ఉన్న కొందరిలో మాత్రం గంటల్లోనే దిగులు తిరిగొచ్చి, మామూలు తిండి తినగానే పోయిందని 1990లో చూశారు. కాబట్టి సెరటోనిన్‌కు అసలు పాత్రే లేదనడం కుదరదు, అదొక్కటే కారణమనడం అంతకంటే కుదరదు. సోయా ధర పడిపోయి, అప్పు మీద అప్పు పెరిగి పొలం గట్టు మీద కూర్చున్న రైతు దిగులును ఒక రసాయనం పేరుతో కొట్టిపారేయడం, నిజం చెప్పాలంటే, అన్యాయం. అలాంటప్పుడు మాట్లాడటానికి 14416 నంబరు ఉంది, టెలి మానస్ అంటారు, ఫోన్ చేయడానికి డబ్బులు పడవు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడొచ్చు.

పేగు సెరటోనిన్ గురించి తెలుసుకోవడం వల్ల నిజంగా పనికొచ్చే చోటు ఒకటుంది, మెసేజీల్లో అది ఎప్పుడూ కనిపించదు. డిప్రెషన్‌కు, ఆందోళనకు డాక్టర్లు ఎక్కువగా రాసే మందులు, ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్, ఎస్సిటాలోప్రామ్ లాంటివి, సెరటోనిన్‌ను తిరిగి పీల్చుకునే పనిని ఆపుతాయి. మాత్రకు మెదడేదో పేగేదో తెలియదు. అది మొదట దిగేదే పేగులోకి. అక్కడ పీల్చుకోవడం ఆగిపోయి సెరటోనిన్ నిలబడిపోతుంది, వేగస్ ఫోన్ మోగుతుంది: వికారం, విరేచనం, ఆకలి చావడం. ఇది మొదటి రోజుల్లోనే మొదలై సాధారణంగా ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. మూడ్ బాగుపడటం మాత్రం అంత తొందరగా రాదు, రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అంటే కష్టం ముందు, ఫలితం తర్వాత. ఈ మధ్యలోనే చాలామంది జారిపోతారు.

నాందేడ్‌కో నిజామాబాద్‌కో బస్సెక్కి, ఒక రోజు కూలి పోగొట్టుకుని, ఎవరికీ తెలియకుండా మనసు డాక్టరుకు చూపించుకుని వచ్చిన మనిషి ఐదో రోజుకు "కడుపులో తిప్పుతోంది, ఈ గోలీ నాకు పడలేదు" అని ఆపేస్తాడు. పక్కింటాయన కూడా అదే అంటాడు, "వేడి చేసింది, సల్ల తాగు." కాస్త తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుందని, తట్టుకోలేకపోతే డాక్టరుకు ఫోన్ చేస్తే డోసు తగ్గించడమో మందు మార్చడమో చేస్తారని, కొన్నాళ్లు వాడాక ఎవరికి వారు ఉన్నట్టుండి ఆపకూడదని, చీటీ రాసేటప్పుడు రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెబితే సరిపోయేది. ఇప్పుడా స్ట్రిప్ అల్మారాలో రేషన్ కార్డు కింద ఉంది. ఐదు గుంటలు ఖాళీ, ఐదు నిండుగా.